ఉల్లికి ఎంత ఎడం? ముందు రకం, తర్వాతే టేపు

"15 బై 10 పెట్టేయండి, సరిపోతుంది." ఉల్లి నాటబోతున్నామని చెబితే ముందుగా వినపడే సలహా ఇదే. వరుసల మధ్య 15 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 10. సలహా తప్పేమీ కాదు, చాలా పొలాల్లో పనిచేస్తుంది కూడా. కాకపోతే ఆ రెండంకెలు ఏ రకానికి, ఏ సైజు గడ్డకి అని ఎవరూ అడగరు. అదే ఎడంలో ఒకరికి పిడికిలంత గడ్డలు వస్తాయి, ఇంకొకరికి నిమ్మకాయంతవి వస్తాయి, మూడో వాళ్లకి ఆకు ఏపుగా పెరిగి గడ్డ ఊరనే ఊరదు. టేపు పట్టుకునే ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వాటితోనే మొదలుపెడదాం.

1. ఒక గడ్డను అడ్డంగా కోసి చూడండి

వంటకి కోసినట్టు కాదు, నడుము దగ్గర సగానికి. లోపల కనిపించే పొరల్లో చాలావరకు ఒక్కొక్కటి ఒక్కో ఆకు అడుగుభాగం. బయట పొరలు ముందు పుట్టిన ఆకులవి. అన్నిటికంటే పైన ఎండి కాగితంలా ఊడొచ్చే పొట్టు కూడా ఒకప్పటి ఆకు తొడుగే. అంటే ఉల్లిగడ్డ వేరు కాదు, కాండమూ కాదు. అట్టడుగున వేళ్లు అంటుకున్న బిళ్ల ఒక్కటే కాండం, మిగిలిందంతా ఉబ్బిన ఆకు మొదళ్లే.

ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే తర్వాత చెప్పేదంతా తేలిగ్గా అర్థమవుతుంది. మొక్క ముందు ఆకులు వేసుకుంటూ పోతుంది. పగటి పొద్దు తనకు కావలసినంత పొడవయ్యాక, కాస్త వేడి కూడా తోడైతే, కొత్త ఆకులు వేయడం ఆపి పాత ఆకుల మొదళ్లలో తిండి దాచుకోవడం మొదలుపెడుతుంది. ఆ మలుపు వచ్చే నాటికి పది, పన్నెండు మంచి ఆకులుంటే గడ్డ పెద్దదవుతుంది. అయిదో ఆరో ఉంటే ఎంత ఎరువు వేసినా చిన్నదే. మలుపు ఎప్పుడొస్తుందో ప్రధానంగా నిర్ణయించేది రకం. ఆ లోపు, ఆ తర్వాత ఒక్కో మొక్కకి ఎంత వెలుగు, నీరు, పోషకాలు దక్కుతాయో నిర్ణయించేది ఎడం. అందుకే రకం తేలకుండా ఎడం గురించి మాట్లాడటం కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టడం లాంటిది.

2. రకం తేల్చుకోండి

మొదటి ప్రశ్న, మీ ప్రాంతంలో పంటకాలంలో పగలు ఎన్ని గంటలు? ఉల్లిని పగటి పొడవును బట్టి మూడు గుంపులు చేస్తారు. 11, 12 గంటల పగటికే గడ్డ కట్టేవి పొట్టి పగటి రకాలు. 12 నుంచి 14 గంటలు కావలసినవి మధ్యస్థం. 14 గంటలు దాటితే గానీ కదలనివి పొడుగు పగటి రకాలు. అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, భీమా సూపర్, అర్కా కళ్యాణ్, టెక్సాస్ గ్రానో, రెడ్ క్రియోల్ మొదటి గుంపులోవి. క్యాండీ మధ్యస్థం. వాలా వాలా, ఐల్సా క్రెయిగ్ పొడుగు పగటివి.

భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న నేలల్లో పగలు ఏడాది పొడవునా 14 గంటలకి చేరదు. అక్కడ ఐల్సా క్రెయిగ్ విత్తనం వేస్తే ఉల్లికాడలు దొరుకుతాయి, అంతే. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి విత్తనం తెప్పించుకునేవాళ్లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. దానికి తిరగేసిన తప్పు కూడా ఉంది. వేసవిలో పగలు బాగా సాగే ఉత్తరాది దేశాల్లో పొట్టి పగటి రకాన్ని వసంతంలో నాటితే, నాలుగాకులు రాగానే గడ్డ కట్టేసి గోలీకాయలా మిగిలిపోతుంది.

ఒకే గుంపులో కూడా కాలాన్ని బట్టి తేడాలుంటాయి. అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, భీమా సూపర్ ఖరీఫ్‌కి తగినవి. అగ్రిఫౌండ్ లైట్ రెడ్, భీమా కిరణ్ రబీవి, ఎక్కువ కాలం నిల్వ ఉంటాయి. వీటిని తారుమారు చేస్తే ఎంత జాగ్రత్తగా కొలిచి నాటినా ఆ కొలతకి విలువ ఉండదు.

రెండో ప్రశ్న, ఆ రకం గడ్డ ఎంతవరకు పెరగగలదు? గ్రానో, గ్రానెక్స్ లాంటి తియ్యటి రకాలు నీరు ఎక్కువ పట్టి బాగా పెద్దవవుతాయి. వాటిని ఇరుకున పెడితే ఆ గుణమే వృథా. బెంగళూరు రోజ్ లాంటిది పుట్టుకతోనే చిన్న గడ్డ రకం. దానికి ఎడం పెంచుకుంటూ పోతే గడ్డ పెద్దగా పెరగదు సరికదా, ఖాళీ నేలలో కలుపు పెరుగుతుంది. గుత్తులుగా కాసే చిన్న ఉల్లి సంగతి పూర్తిగా వేరు. ఒక్క మొక్క కింద అయిదారు గడ్డలు పిలకలు వేస్తాయి కాబట్టి కింద చెప్పిన లెక్కలు దానికి వర్తించవు.

మూడోది చాలామంది పట్టించుకోనిది, ఆ రకానికి జంట గడ్డలు వేసే అలవాటు ఉందా? ఉంటే ఎడం మరీ ఎక్కువ ఇవ్వకండి. చోటు దొరికిన కొద్దీ మొక్క లోపల రెండు మొగ్గలు లేచి గడ్డ చీలుతుంది. విత్తనం పాకెట్ మీద ఈ మాట రాసి ఉండదు. నిరుడు అదే రకం వేసినవాళ్లని అడిగి తెలుసుకోవాలి.

సంకరజాతి విత్తనం, మామూలు విత్తనం మధ్య తేడా కూడా ఎడం దగ్గర తెలుస్తుంది. సంకర రకంలో మొక్కలన్నీ ఒకే ఊపులో పెరుగుతాయి, దగ్గరగా నాటినా గడ్డలు దాదాపు సమంగా వస్తాయి. మామూలు రకంలో జోరుగా పెరిగే మొక్క పక్కదాన్ని తొక్కేస్తుంది. దగ్గరగా నాటేకొద్దీ పెద్దవీ చిన్నవీ కలగాపులగమవుతాయి.

3. మీకు ఏ సైజు కావాలో ముందే అనుకోండి

"దిగుబడి ఎక్కువ రావాలి, గడ్డ కూడా పెద్దది రావాలి" అంటారు. ఈ రెండూ కొంతవరకే కలిసి నడుస్తాయి. మొక్కలు పెంచేకొద్దీ మొత్తం బరువు మొదట బాగా పెరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, ఒక దశ దాటాక ఇంచుమించు నిలిచిపోతుంది. ఒక్కో గడ్డ బరువు మాత్రం మొదటినుంచీ తగ్గుతూనే ఉంటుంది.

సైజు అంటే ఏమిటో కూడా ఒకసారి లెక్క వేసుకోండి. 5 సెం.మీ. అడ్డకొలత ఉన్న గుండ్రటి గడ్డ సుమారు 60 గ్రాములు తూగుతుంది. 7 సెం.మీ. గడ్డ 170 గ్రాముల దాకా తూగుతుంది. కంటికి రెండు సెంటీమీటర్ల తేడా, తక్కెడలో దాదాపు మూడింతలు. అందుకే ఎడంలో చిన్న మార్పుకే సైజు చప్పున మారినట్టు అనిపించదు, బరువులో ఎప్పుడో మారిపోయి ఉంటుంది.

స్థూలంగా ఇలా పట్టుకోండి. 7 సెం.మీ. దాటిన పెద్ద గడ్డలు కావాలంటే చదరపు మీటరుకి 25 నుంచి 50 మొక్కలు. 5 నుంచి 7 సెం.మీ. మధ్యరకం కావాలంటే 50 నుంచి 100. పచ్చడిలో ఊరవేసే బుడ్డ ఉల్లికి, మళ్లీ నాటుకునే చిట్టి గడ్డలకి అయితే వందల్లోనే, విత్తనాన్ని నేరుగా ఒత్తుగా చల్లి పెంచుతారు. ఇవి సూత్రాలు కావు, మొదలుపెట్టే చోటు మాత్రమే. నేల బలహీనంగా ఉంటే తక్కువ వైపుకి జరగండి.

4. ఎడాన్ని మొక్కల లెక్కలోకి మార్చండి

నా దృష్టిలో అసలు కీలకం ఇదే. సెంటీమీటర్లు గుర్తుపెట్టుకోవడం మానేసి చదరపు మీటరుకి ఎన్ని మొక్కలో గుర్తుపెట్టుకోండి. లెక్క సులువు. 10,000ని రెండు ఎడాల లబ్ధంతో భాగించాలి. 15 ఇంటూ 10 అంటే 150, దాంతో 10,000ని భాగిస్తే 67 దాకా వస్తుంది. 20 బై 10 అయితే 50. 15 బై 15 అయితే 44. 15 బై 7.5 అయితే 89. 10 బై 10 అయితే సరిగ్గా 100.

67 మొక్కల చొప్పున హెక్టారుకి 6.67 లక్షలు, ఎకరానికి దాదాపు 2.7 లక్షలు. ఇక్కడే నేనోసారి దెబ్బతిన్నాను. 120 సెం.మీ. వెడల్పు ఎత్తుమడులు చేసి, మధ్యలో 45 సెం.మీ. కాలువలు వదిలి, నారు మాత్రం ఎకరం మొత్తానికి లెక్కగట్టి పెంచాను. 165 సెం.మీ.లో మొక్కలుండేది 120 సెం.మీ.లోనే కదా, అంటే 73 శాతం నేలలోనే. ఎకరానికి కావలసింది 1.96 లక్షలు. మిగిలిన నారు కట్టలు గట్టు మీద వాడిపోతుంటే పారేయలేక, మొక్కకి మొక్కకి మధ్య సందుల్లో గుచ్చేశాం. ఆ మడుల్లో గడ్డలు చూడాలి, ఉసిరికాయల్లా వచ్చాయి. కాబట్టి కాలువలు, దారులు తీసేసి లెక్క వేయండి.

విత్తనం సంగతి: గ్రాముకి 250 నుంచి 300 గింజలుంటాయి. ఎకరానికి 3 నుంచి 4 కిలోలు వాడటం మామూలు. మూడు కిలోలంటే ఎనిమిది లక్షల గింజలు, కావలసిన మొక్కలేమో రెండు లక్షల పైచిలుకు. మొలవనివి, నారుకుళ్లుకి పోయినవి, పీలగా ఉన్నవి తీసేశాక మిగిలేది అంతే. ఉల్లి విత్తనం త్వరగా చచ్చుబడుతుంది. వేడి ప్రాంతాల్లో ఏడాది దాటిన విత్తనాన్ని నమ్ముకోకండి. తడిగుడ్డలో వంద గింజలు చుట్టి మొలకలు లెక్కపెట్టాకే నారుమడి పోయండి.

5. నారు ఏరండి

నారు 6 నుంచి 8 వారాలదై ఉండాలి. పెన్సిల్ కంటే సన్నగా ఉన్నదే మంచిది. లావుగా ముదిరిన నారు చూడముచ్చటగా ఉంటుంది గానీ, నాటాక చలి తగిలితే గడ్డకి బదులు పూకాడ లేస్తుంది. పూకాడ లేచిన మొక్క కింది గడ్డలో గట్టి కాడ దిగిపోయి ఉంటుంది, నిల్వకు పనికిరాదు.

పీకిన నారుని రెండు కట్టలుగా వేరు చేయండి, లావువి ఒకవైపు, సన్నవి ఒకవైపు. వేర్వేరు మడుల్లో నాటండి. దగ్గర ఎడంలో లావు మొక్క పక్కన సన్న మొక్క పడితే అది కోలుకోదు. అరగంట పని ఇది, గడ్డల సైజు సమంగా రావడానికి ఇంతకంటే చవకైన ఉపాయం నాకు తెలియదు. ఆకుల కొసలు మూడోవంతు కత్తిరిస్తే నాటుకునేలోపు మొక్క వాడిపోవడం తగ్గుతుంది.

6. గుర్తులు పెట్టి నాటండి

కంటి అంచనాతో నాటితే పొద్దున 10 సెం.మీ. పెట్టిన చెయ్యే మధ్యాహ్నానికి 13 పెడుతుంది. నడుం నొప్పి కొద్దీ ఎడం పెరుగుతుంది. అందుకని ఒక కర్రకి 15 సెం.మీ.కి ఒకటి చొప్పున మేకులు కొట్టి, దువ్వెనలా మడి మీద నిలువునా లాగండి, వరుసలు పడతాయి. అడ్డంగా తాడు పట్టండి. తాడుకి 10 సెం.మీ.కి ఒకటి చొప్పున రంగు దారం ముడులు వేసుకోండి. గీతా ముడీ కలిసిన చోట మొక్క.

లోతు 2 నుంచి 3 సెం.మీ. చాలు. లోతుగా గుచ్చితే గడ్డ గుండ్రంగా ఉబ్బలేక కోలగా సాగుతుంది. ఒక గుంటలో ఒకే మొక్క. నారు గుత్తిగా పీకినప్పుడు రెండు అతుక్కుని వస్తాయి, అవి రెండూ ఒకదాన్నొకటి నొక్కుకుని ఒకవైపు చదునైన గడ్డలుగా తేలతాయి.

వారం, పది రోజుల్లో చచ్చిన చోట్ల మళ్లీ నాటండి. ఆ తర్వాత వద్దు, వెనకబడిన మొక్క ముందున్నవాటిని అందుకోలేదు. ఖాళీ మిగిలితే చుట్టుపక్కల గడ్డలు కొంత ఎక్కువ పెరిగి ఆ లోటుని కొంతవరకు పూడుస్తాయి.

నెల తర్వాత ఒకసారి తనిఖీ చేసుకోండి. సన్న ప్లాస్టిక్ పైపుతో మీటరు చతురస్రం చేసి, కాలువలు రాకుండా మడుల మీద అయిదారు చోట్ల పడేసి లోపలున్న మొక్కలు లెక్కపెట్టండి. 67 అనుకుని నాటినచోట 52 వస్తే, మీరు నిజంగా సాగుచేస్తున్నది 52 మొక్కల పంట. పేపరు మీద ఉన్న ఎడం కాదు, ఇది అసలు లెక్క.

7. ఎడం మారితే యాజమాన్యం కూడా మార్చండి

దగ్గరగా నాటిన ఉల్లి తొందరగా కోతకొస్తుంది. ఆకుపచ్చటి ఆకు ఎర్రటి వెలుగుని పీల్చుకుని, కంటికి కనబడని దూరపు ఎరుపుని వదిలేస్తుంది. చుట్టూ ఆ వెలుగు ఎక్కువైతే పక్కన మొక్కలు కిక్కిరిశాయని ఉల్లి గ్రహించి, గడ్డ కట్టడం ముందుకి జరుపుకుంటుంది. అంటే దగ్గర ఎడంలో గడ్డ చిన్నదవడానికి రెండు కారణాలు, తిండి పంచుకోవడం ఒకటి, ఆకులు పూర్తిగా వేయకముందే మలుపు తిరగడం మరొకటి. అందుకే ఎక్కువ ఎరువు వేసి ఇరుకుని పూడ్చలేం. ఎరువు తిండి లోటు తీరుస్తుంది గానీ వెలుగుని పంచలేదు.

దూరంగా నాటినదానికి దాని బెడదలు దానికున్నాయి. ఆలస్యంగా ముదురుతుంది, మెడ, అంటే గడ్డలోంచి ఆకులు లేచే చోటు, లావుగా ఉండి సరిగా ఆరదు, జంట గడ్డలు ఎక్కువ. దీనికితోడు ఆఖర్లో యూరియా వేస్తే మెడ ఇంకా లావెక్కి నిల్వలో అక్కడినుంచే కుళ్లు మొదలవుతుంది. నత్రజని గడ్డ ఊరడం మొదలయ్యేలోపే ముగించండి.

కలుపు విషయంలో ఉల్లి అంత నిస్సహాయమైన పంట ఇంకోటి తక్కువ. ఆకులు గొట్టాల్లా నిలువుగా ఉంటాయి, నేలకి నీడ పట్టవు. దగ్గర ఎడంలోనే కలుపు ఆగదంటే దూరపు ఎడంలో చెప్పక్కర్లేదు. వేళ్లు కూడా పైపైనే, ఎక్కువ భాగం అడుగు లోతులోపే ఉంటాయి, కాబట్టి లోతుగా గొప్పు తవ్వకండి.

దగ్గర ఎడంలో భయపడాల్సింది తేమకి. మంచు, వాన పడ్డాక ఆకులు త్వరగా ఆరకపోతే ఊదారంగు మచ్చ తెగులు అందుకుంటుంది. వానాకాలపు పంటకి నేనైతే ఎడం ఒక మెట్టు పెంచుతాను, ఎత్తుమడి మీదే నాటుతాను.

8. మీ నేలలో మీరే తేల్చుకోండి

ఎవరి సలహా అయినా పక్కన పెట్టి ఒక్క సీజన్ ఈ చిన్న ప్రయోగం చేయండి. సెంటున్నర నేల చాలు. రెండు రకాలు తీసుకోండి. వరుసల మధ్య అన్నిటికీ 15 సెం.మీ. ఉంచి, మొక్కల మధ్య 15, 10, 7.5 అని మూడు ఎడాలు పెట్టండి. రెండు రకాలు, మూడు ఎడాలు, మొత్తం ఆరు జతలు. ఒక్కో జతని మూడేసి చోట్ల నాటాలి, అంటే 18 చిన్న మడులు. ఒక్కో మడి 120 సెం.మీ. వెడల్పు, 2 మీటర్ల పొడవు. ఏ జత ఎక్కడ అనేది చీటీలు తీసి నిర్ణయించండి. బాగున్న మూలలో మీకు నచ్చిన రకం పెట్టుకున్నారంటే ప్రయోగం అక్కడే చెడిపోయింది.

మడికి ఎనిమిది వరుసలు పడతాయి. అంచు వరుసలకి గాలీ వెలుతురూ ఎక్కువ కాబట్టి రెండువైపులా ఒక్కోటి వదిలేసి, మధ్య ఆరు వరుసల్లో ఒకటిన్నర మీటరు పొడవు మాత్రమే తవ్వి తూచండి. ఆ ముక్కలో 15 ఎడానికి 60 మొక్కలు, 10 ఎడానికి 90, 7.5 ఎడానికి 120 ఉంటాయి. ఏ మడిలో సగం మెడలు వాలితే ఆ మడిని ఆ రోజే కోసి తేదీ రాసుకోండి. ఆరబెట్టి, రెండు సెం.మీ. మెడ ఉంచి కోసి, పెద్దవి, మధ్యవి, చిన్నవి, జంటలు, పూకాడవి వేరు చేసి విడివిడిగా తూచండి.

అంకెలు ఎలా చదవాలో ఊహకోసం ఒక లెక్క చూడండి. పదోవంతు మొక్కలు పోయాయనుకుందాం. 15 ఎడంలో 54 గడ్డలు, సగటున 95 గ్రాములైతే 5.1 కిలోలు. 10 ఎడంలో 81 గడ్డలు, 72 గ్రాములైతే 5.8 కిలోలు. 7.5 ఎడంలో 108 గడ్డలు, 56 గ్రాములైతే 6 కిలోలు. మొత్తం మాత్రమే చూస్తే మూడోదే గెలిచింది. కానీ రెండోదాని నుంచి మూడోదానికి నారు 30 మొక్కలు ఎక్కువ పట్టింది, పెరిగింది పావుకిలో లోపే, అదీ చిన్న గడ్డల రూపంలో. ఆ 30 మొక్కలు పెంచి, పీకి, నాటి, తవ్విన కూలీ ఈ పావుకిలోలోంచే రావాలి. రెండో రకంలో ఇదే లెక్క తిరగబడొచ్చు కూడా, ఉదాహరణకి చిన్న గడ్డ రకమైతే 15 నుంచి 10కి, 10 నుంచి 7.5కి బరువు బాగా పెరుగుతూ పోవచ్చు.

తూచడం అయ్యాక ఒక్కో జతలోంచి అయిదు కిలోలు వల సంచిలో వేసి, చీటీ కట్టి, గాలి ఆడేచోట వేలాడదీయండి. రెండు నెలల తర్వాత మొలకెత్తినవి, కుళ్లినవి తీసేసి మళ్లీ తూచండి. దూరపు ఎడం సంచుల్లో లావు మెడ గడ్డలు ఎన్ని పోయాయో లెక్కపెట్టాకే, వచ్చే సీజన్‌కి తాడు మీద ముడులు ఎంత దూరంలో వేయాలో నిర్ణయించండి.